తెరమీద పడే పేరు ఎవరిది?

కొన్ని నెలల కిందట ఒక యువ రచయిత్రికి ఫోను చేశాను. ఒక సంకలనానికి ఆమె పంపిన కథ బాగుంది. ముగింపు గురించి రెండు మాటలు చెప్పాలనుకున్నాను. అంతకుముందు మేం ఎప్పుడూ మాట్లాడుకోలేదు. ఆమె ఫోనెత్తి ముభావంగా "ఎవరండీ?" అంది. నా పేరు చెప్పాను. "అయ్యో, మీరా మాష్టారూ! ఇక్కడ 'ప్రెస్సు బాకీ' అని పడుతోందండీ. ఎవరో అప్పు వసూలుకు చేస్తున్నారనుకున్నా" అంది. ఇద్దరం నవ్వుకున్నాం.

సంగతి ఏమిటంటే, చాలా ఏళ్ల కిందట ఒక పుస్తకం అచ్చువేయించి ప్రెస్సు యజమానికి డబ్బు ఆలస్యంగా ఇచ్చాను. ఆయన తన ఫోనులో నన్ను ఆ పేరుతో రాసుకున్నట్టున్నాడు. అందులో ఆయన తప్పేమీ లేదు. ఎవరి ఫోను వారిష్టం. అయితే ఆయన ఫోనులోని పేర్ల పుస్తకం ఒక యాప్ చేతికి చిక్కింది. అక్కణ్ణుంచి ఆ పేరు లోకం మీద పడింది. బాకీ తీరి ఎంతకాలమో అయింది. పేరు మాత్రం తీరలేదు.

తర్వాత కొద్ది రోజులకే ఇంకో సంగతి జరిగింది. మా అబ్బాయి స్నేహితుడికి ఫోను చేస్తే అతను నన్ను పూర్తి పేరుతో, చివర కులం తోకతో సహా, ఎంతో గౌరవంగా పలకరించాడు. ఆ తోకను నేను 1976లో కత్తిరించుకున్నాను. ఆ తర్వాత రాసిన ఏ రచన కిందా, చేసిన ఏ సంతకంలోనూ అది లేదు. కాని స్కూలు సర్టిఫికెట్టులో ఉంది. అందులోంచి ఆధార్‌లోకి వచ్చింది. ఆధార్‌లోంచి సిమ్ కార్డు దరఖాస్తులోకి వచ్చింది. ఇప్పుడు అక్కణ్ణుంచి అవతలివాడి ఫోను తెరమీదికి వచ్చింది. ఈసారి నాకు నవ్వు రాలేదు.

ఒకటి అప్పిచ్చినవాడు పెట్టిన పేరు. రెండోది రికార్డు దాచిపెట్టిన పేరు. నేను పెట్టుకున్న పేరు, 50 ఏళ్లుగా నన్ను నలుగురూ పిలుస్తున్న పేరు, రెండింట్లోనూ లేదు. ఇది నా ఒక్కడి ఇబ్బంది అయితే ఇన్ని పేజీలు ఖర్చుచేయడం అనవసరం. కాని కొంచెం తరచి చూస్తే, కాలర్ ఐడి అని మనం తేలిగ్గా పిలిచే ఈ ఏర్పాటులో పెద్ద ప్రశ్న ఒకటి ఉంది. మనిషిని ఏ పేరుతో లోకానికి చూపాలో నిర్ణయించే అధికారం ఎవరిది? పేర్లతోనూ మాటలతోనూ పనిచేసే రచయితలు ఈ ప్రశ్నను ఇంజనీర్లకు వదిలేసి ఊరుకోగూడదని నా అభిప్రాయం.

1. దాచడమంటే ఏమిటి?

ముందు యంత్రం సంగతి తెలుసుకుందాం. తెలియకుండా చేసే విమర్శ గాలిలో కత్తి తిప్పడమే.

టెలిఫోను పుట్టిన తొలిరోజుల్లో రహస్యమనేది లేదు. ఎక్స్‌ఛేంజిలో కూర్చున్న ఆపరేటరు ఎవరు ఎవరిని పిలుస్తున్నారో విని, తీగ కలిపేవాడు. తలచుకుంటే మాటలూ వినేవాడు. అమెరికాలో కాన్సాస్ సిటీలో ఆల్మన్ స్ట్రోజర్ అనే వ్యాపారి ఉండేవాడు. శవసంస్కారాల ఏర్పాట్లు చేయడం అతని వృత్తి. తన కోసం వచ్చే ఫోన్లను ఆపరేటరు తన పోటీదారు వైపు మళ్లిస్తోందని అతనికి అనుమానం వచ్చింది. మధ్యలో మనిషి లేకుండా చేయాలని పట్టుబట్టి, మనిషి చెయ్యి పడకుండా తనంతట తనే లైను కలిపే ఎక్స్‌ఛేంజిని రూపొందించాడు. 1891లో దానికి పేటెంటు వచ్చింది. మన దేశంలోనూ స్ట్రోజర్ ఎక్స్‌ఛేంజిలు దశాబ్దాలపాటు పనిచేశాయి. మధ్యవర్తి కన్ను తప్పించుకోవాలనే కోరికలోంచి పుట్టిన యంత్రం అది. దానివల్ల పిలిచేవాడికి, బహుశా ఎవరూ ఉద్దేశపూర్వకంగా ఇవ్వని స్వేచ్ఛ ఒకటి దొరికింది. గంట మోగినప్పుడు ఎవరు పిలుస్తున్నారో ఎత్తి మాట్లాడితేగాని తెలియదు. ముందు గొంతు, తర్వాత పేరు.

1980లలో పరిస్థితి మారింది. అంతకుముందు మాట వెళ్లే దారిలోనే ఫోను కలిపే సంకేతాలూ వెళ్లేవి. సిగ్నలింగ్ సిస్టం నంబర్ 7 అనే పద్ధతి వ్యాపించాక సంకేతాలకు వేరే దారి ఏర్పడింది. ఫోను మోగకముందే, పిలిచేవాడి నంబరు ఆ దారిన అవతలి ఎక్స్‌ఛేంజికి చేరుతుంది. దాన్ని అక్కడి ఫోను మీద చూపించడమే కాలర్ ఐడి.

ఇక్కడ చాలామందికి తెలియని విషయం ఒకటుంది. నంబరు కనబడకుండా చేసుకునే సదుపాయం వాడినప్పుడు నంబరు వెళ్లకుండా ఆగిపోతుందని మనం అనుకుంటాం. అది పొరపాటు. నంబరు ఎప్పుడూ వెళుతుంది. దాంతోపాటు "చూపించవద్దు" అనే చీటీ కూడా వెళుతుంది. చివరి ఎక్స్‌ఛేంజి ఆ చీటీని గౌరవించి తెరను ఖాళీగా ఉంచుతుంది. అంటే నెట్‌వర్కు దగ్గర ఎవరూ దాగి లేరు. దాపరికం ఉన్నది తోటి మనుషుల మధ్యనే.

అందుచేత "నేరస్తులను పట్టుకోవాలంటే కాలర్ ఐడి ఉండాలి" అనే వాదన సగమే నిజం. బెదిరింపు ఫోను వస్తే, ఎక్కణ్ణుంచి వచ్చిందో ఎక్స్‌ఛేంజి రికార్డుల్లో వెతికే పద్ధతి కాలర్ ఐడి లేకపోయినా ఉంది. వెతకడం వేరు, అందరికీ ప్రదర్శించడం వేరు. మొదటిదానికి ఒక ఫిర్యాదు, ఒక కారణం, ఒక బాధ్యుడు ఉంటారు. రెండోదానికి ఎవరూ ఉండరు.

2. అమెరికాలో నడిచిన తగువు

ఈ వాదన కొత్తది కాదు. 1987లో అమెరికాలోని న్యూజెర్సీలో టెలిఫోను కంపెనీ ఈ సేవను ప్రయోగాత్మకంగా మొదలుపెట్టిన దగ్గర్నుంచీ తగువు నడిచింది. కంపెనీల వాదన సూటిగా ఉండేది: తలుపు తట్టినవాడెవడో కిటికీలోంచి చూసే హక్కు ఇంటివాడికి లేదా? ఉంది. అసభ్యమైన ఫోన్లతో వేధింపులకు గురైన స్త్రీలు ఈ సాధనాన్ని ఆహ్వానించారు. వారి అనుభవాన్ని తీసిపారేసే హక్కు మనకు లేదు.

కాని వ్యతిరేకించినవారిలోనూ స్త్రీల పక్షాన పనిచేసేవారున్నారు. భర్త దెబ్బలు తప్పించుకుని శరణాలయం చేరిన స్త్రీ, పిల్లలతో ఒక్క మాట మాట్లాడాలని ఇంటికి ఫోను చేస్తే, తెరమీద పడే నంబరు ఆమె ఎక్కడుందో చెప్పేస్తుందని వారన్నారు. ఆత్మహత్య ఆలోచనతో సహాయకేంద్రానికి ఫోను చేసేవాడు, పత్రికకు నిజం చెప్పాలనుకునే చిరుద్యోగి, రోగికి ఇంటినుంచి ఫోను చేసే డాక్టరు, వీళ్లందరి ప్రశ్నా అదే. ఒకే యంత్రం ఒక స్త్రీని కాపాడుతోంది, ఇంకో స్త్రీని పట్టిస్తోంది. ఈ వైరుధ్యాన్ని దాటవేసి అటో ఇటో తీర్పు చెప్పేయడం తేలిక. కాని దానివల్ల ప్రయోజనం లేదు.

1990లో పెన్సిల్వేనియాలో ఒక కోర్టు, పిలిచేవారి అనుమతి లేకుండా నంబరు చూపడం చట్టవిరుద్ధమని తీర్పిచ్చింది. 1992లో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. చివరకు దేశం మొత్తానికి ఒక రాజీ కుదిరింది. 1995 డిసెంబరు నుంచి అమలైన నిబంధనల ప్రకారం, పిలిచే ప్రతి ఒక్కరికీ డబ్బు చెల్లించకుండా, కావలసిన ఫోనుకు మాత్రం నంబరు దాచుకునే వీలు కల్పించారు. ఎత్తాలా వద్దా అనేది అవతలివాడి ఇష్టం. చూపాలా వద్దా అనేది పిలిచేవాడి ఇష్టం. అయితే ఇందులోనూ ఒక మినహాయింపు ఉంది. కంపెనీలు ఖర్చు భరించే ఉచిత నంబర్లకు ఫోను చేస్తే ఈ దాపరికం చెల్లదు. బిల్లు కట్టేవాడికి, పిలిచినవాడెవడో తెలుసుకునే హక్కు ఉందన్నారు. ఎవడు డబ్బిస్తే కన్ను వాడిదన్న మాట.

3. మిస్డ్ కాల్ కనిపెట్టినవాళ్లు

మన దగ్గర ఈ కథ వేరే దారిన నడిచింది. 1980ల చివరినుంచి ఊరూరా వెలిసిన ఎస్టీడీ బూతుల్లో ఫోను అందరిదీ, నంబరు ఎవరిదీ కాదు. ఇంట్లో చెప్పుకోలేని మాటలు చెప్పుకోవడానికి ఎంతమంది ఆడపిల్లలు, ఎంతమంది కూలీలు ఆ అద్దాల గదిలో నిలబడ్డారో మన కథాసాహిత్యం వెతికితే తెలుస్తుంది. 1995లో సెల్‌ఫోను వచ్చింది. అది వస్తూనే నంబరు చూపించే తెరతో వచ్చింది. వచ్చిన ఫోనుకు కూడా డబ్బు కట్టవలసిన రోజులవి. 2003లో ఆ భారం పోయేదాకా, ఎత్తేముందు ఎవరో తెలుసుకోవడం కుతూహలం కాదు, అవసరం.

ఆ తెరను ఆధారం చేసుకుని మన పేదవాళ్లు ఒక విద్య కనిపెట్టారు. ఒకసారి మోగించి పెట్టేస్తే "వచ్చేశాను". రెండుసార్లయితే "నువ్వే చెయ్యి". పైసా ఖర్చు లేకుండా కబురు చేరేది. కాలర్ ఐడి లేకపోతే మిస్డ్ కాల్ లేదు. సాధనం ఎవరు తయారుచేసినా, దాన్ని తమ బతుకుకు అనువుగా మలుచుకునే నేర్పు జనానికి ఉంటుందనడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు తోచదు. అయితే ఆ నేర్పు కూడా ఎంతోకాలం వాళ్ల చేతిలో మిగల్లేదు. "ఈ నంబరుకు మిస్డ్ కాల్ ఇవ్వండి" అని కంపెనీలు, రాజకీయ పార్టీలు ప్రకటనలు గుప్పించాయి. కబురు పంపే విద్య, నంబర్లు పోగుచేసే వలగా మారింది.

నంబరు బయటపడితే జరిగే కీడుకు మన అనుభవాలు మనకున్నాయి. ఉత్తరప్రదేశ్‌లో కొన్ని రీచార్జి దుకాణాల్లో ఆడపిల్లల ఫోను నంబర్లను అమ్ముతున్న వైనం 2017లో పత్రికల్లో వచ్చింది. రీచార్జికి నంబరు చెప్పక తప్పదు. చెప్పిన నంబరు సరుకైపోయింది. అది వట్టి నంబరుతో జరిగిన పని. నంబరు వెంట పేరు కూడా వస్తే ఏమవుతుంది?

4. నంబరు వేరు, పేరు వేరు

ఇప్పుడు జరుగుతున్న మార్పు ఇదే. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2022 నవంబరులో ఒక చర్చాపత్రం విడుదల చేసి, 2024 ఫిబ్రవరి 23న సిఫార్సులు చేసింది. సిమ్ తీసుకునేటప్పుడు దరఖాస్తులో ఇచ్చిన పేరును, అవతలివాడి తెరమీద నెట్‌వర్కే చూపించాలన్నది వాటి సారాంశం. అడిగినవారికే ఈ సేవ ఇవ్వాలని అప్పుడన్నారు. 2025 అక్టోబరుకు వచ్చేసరికి, అడగకపోయినా అందరికీ ఉంటుంది, వద్దనుకున్నవారు వద్దనవచ్చు అనే పద్ధతికి టెలికాం శాఖ, ట్రాయ్ ఒప్పుకున్నాయి. గమనించండి: ఇక్కడ వద్దనే వీలు పేరు చూసేవాడికి ఇచ్చారు. పేరు కనబడేవాడి ఊసు లేదు.

మోసపు ఫోన్ల బెడద చూస్తే ఈ ఆలోచన ఎందుకు వచ్చిందో అర్థం కాకపోదు. పోలీసులమని, కోర్టువాళ్లమని బెదిరించి ముసలివాళ్ల జీవితకాలపు పొదుపు ఊడ్చేస్తున్నారు. విదేశాలనుంచి చేస్తూ మన దేశపు నంబరు పడేలా చేసే ఫోన్లను ఆపడానికి 2024 అక్టోబరులో ఒక ఏర్పాటు మొదలుపెడితే, తొలి 24 గంటల్లోనే సుమారు 1 కోటీ 35 లక్షల ఫోన్లను అడ్డుకున్నామని ప్రభుత్వం ప్రకటించింది. ప్రమాదం నిజమైనదే. మరి మందు రోగానికి తగినదేనా?

మోసగాడు తన పేరుమీద సిమ్ తీసుకోడు. వేలిముద్రలు వేయించుకుని, చేతిలో నాలుగు డబ్బులు పెట్టి, ఏ కూలివాడి పేరుమీదనో తీసుకుంటాడు. తమ పేరుమీద ఎన్ని సిమ్‌లున్నాయో చూసుకునే సదుపాయం 2021లో తొలుత ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లోనే మొదలైంది. ఇటువంటి మోసాలు లేకపోతే దాని అవసరమే ఉండేది కాదు. రేపు ఆ మోసపు ఫోను వచ్చినప్పుడు తెరమీద పడేది ఆ కూలివాడి పేరు. దొంగ దాగి ఉంటాడు. పేరు అమ్ముకున్న నిరుపేద ముద్దాయిగా నిలబడతాడు.

ఇక ఆ సిఫార్సుల్లో నన్ను అన్నిటికంటే ఆలోచింపజేసినది మరొకటి. పెద్దమొత్తంలో కనెక్షన్లు తీసుకునే సంస్థలకు, వ్యాపార కనెక్షన్లకు, దరఖాస్తులోని పేరు బదులు తాము కోరుకున్న పేరు చూపించుకునే వీలు కల్పించాలన్నారు. తమ వ్యాపార నామమో, ట్రేడ్‌మార్కో చూపుకోవచ్చు. అలాగే నంబరు దాచుకునే ప్రత్యేక సదుపాయం పొందినవారి పేరు కూడా చూపరు. మన దేశంలో ఆ సదుపాయం మామూలు చందాదారుకు దొరికేది కాదు.

అంటే మూడు రకాల మనుషులయ్యారు. దాగి ఉండగలవారు కొద్దిమంది. తమ పేరు తామే ఎంచుకోగల సంస్థలు కొన్ని. కాగితంలో ఏముంటే అదే మోయవలసినవారు మిగిలిన కోట్లమంది. సబ్బు అమ్మే కంపెనీకి తన పేరు ఎంచుకునే హక్కుంది. సబ్బు కొనే మనిషికి లేదు.

మన దేశంలో పేరు వట్టి పేరు కాదు. అమెరికా కోర్టుల్లో నడిచిన వాదన నంబరు గురించే. నంబరుకు కులం లేదు, మతం లేదు, ఆడా మగా తేడా లేదు. పేరుకు ఇవన్నీ ఉన్నాయి. అద్దె ఇంటి బోర్డు చూసి ఫోను చేసే ముస్లిం యువకుణ్ణి తలచుకోండి. ఇంతకాలం కనీసం గొంతు వినేవారు. ఇల్లు ఖాళీ లేదని అబద్ధమైనా చెప్పవలసి వచ్చేది. ఇప్పుడు పేరు చూసి ఫోనే ఎత్తకపోతే? అబద్ధం చెప్పే శ్రమ కూడా తప్పింది. ఎందుకు ఎత్తలేదని నిలదీసే వీలు లేదు. వివక్షకు సాక్ష్యం మిగలదు. ఊళ్లో కులం చెప్పక తప్పని మనిషి, ఆ బాధ తప్పించుకుందామని నగరానికి వస్తే, ఫోను అతనికంటే ముందే వెళ్లి కులం చెబుతుంది.

స్త్రీల విషయంలో ఇది రెండువైపులా కోసే కత్తి. సిమ్ తన పేరుమీదే ఉంటే, ఆటోకో, వంటగ్యాసుకో, మరమ్మతు మనిషికో ఫోను చేసిన ప్రతిసారీ ఆమె పూర్తి పేరు అపరిచితుల తెరలమీదికి వెళుతుంది. భర్త పేరుమీదో తండ్రి పేరుమీదో ఉంటే, ఆమె ఎవరికి ఫోను చేసినా తెరమీద ఆయనే పలుకుతాడు. మొదటిదాంట్లో ఆమెకు రక్షణ లేదు. రెండోదాంట్లో ఆమే లేదు.

5. ఇతరుల పుస్తకంలో మనం

నెట్‌వర్కు సంగతి అది. యాప్‌ల సంగతి వేరు. 2009లో స్టాక్‌హోంలో పుట్టిన ట్రూకాలర్ వంటి కంపెనీలు, నెట్‌వర్కు చూపని పేరును తాము చూపిస్తామంటూ వచ్చాయి. ఆ కంపెనీకి మన దేశమే అతి పెద్ద మార్కెట్టు. ఈ రకం యాప్‌లన్నీ ఒకే తీరున నడవవు. కొన్ని, వాడేవారు పంపే సూచనలమీద ఆధారపడతాయి. కొన్ని, వాడేవారి ఫోనులో ఉన్న పేర్ల పుస్తకాన్నే తీసుకుంటాయి. రెండో పద్ధతిలో ఉన్న చిక్కు ఇది: ఒక మనిషి పుస్తకంలో 300 పేర్లు ఉన్నాయనుకుందాం. "ఒప్పుకుంటున్నాను" అని మీట నొక్కింది ఒక్కడు. ఇచ్చేసింది 300 మందిని. వాళ్లలో చాలామంది ఆ యాప్ పేరు కూడా విని ఉండరు. నా గురించి నేను తప్ప అందరూ ఒప్పుకున్నారు.

తన సొంత, ఇంటి అవసరాలకోసం ఇతరుల వివరాలు దాచుకునే వ్యక్తికి 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం వర్తించదు. ఇది న్యాయమే. ఎవడి డైరీమీద వాడికి స్వేచ్ఛ ఉండాలి. కాని డైరీ కంపెనీ చేతికి వెళ్లిన క్షణాన అది డైరీ కాదు, ముడిసరుకు. ఆ చట్టం కింద 2025 నవంబరులో నియమాలు వచ్చాయి. కంపెనీల ముఖ్యమైన బాధ్యతలు అమలులోకి రావడానికి 18 నెలల గడువిచ్చారు. పేరు తొలగించమని అడిగే వీలు కొన్ని కంపెనీలు ఇప్పటికే కల్పించాయి. కాని తన పేరు ఏ జాబితాలో ఎలా ఉందో తెలియనివాడు ఏమని అడుగుతాడు?

మా వీధి అపార్టుమెంటులో నాలుగిళ్లలో పనిచేసే ఒకామె ఉంది. కూతురి అడ్మిషను గురించి ఒక కాలేజీకి ఫోను చేసింది. అవతల గుమాస్తా ఆమె మాట పూర్తికాకుండానే, "ఏ ఇంటి పనిమనిషివమ్మా? మీ సార్ చేత మాట్లాడించు" అన్నాడట. అతని తెరమీద "పనిమనిషి 302" అని పడింది. ఆమెకు పేరుంది. ఆమె తల్లి పెట్టిన పేరు, ఓటరు కార్డులో ఉన్న పేరు. కాని ఆ ఇంటివాళ్లు తమ సౌకర్యంకోసం రాసుకున్న మాటే లోకానికి ఆమె పేరైంది. ఆమె ఈ సంగతి నాకు చెప్పినప్పుడు కోపంగా చెప్పలేదు. ఆశ్చర్యంగా చెప్పింది. "ఆయనకెట్టా తెలిసింది బాబూ?" అని అడిగింది. నా దగ్గర జవాబుంది. ఆ జవాబు ఆమె ముఖం చూస్తూ చెప్పడం కష్టమైంది.

పూర్వం గ్రామాల్లో పెద్దరికం చేసేవాళ్లు కింది కులాల మనుషుల్ని ఎలా పిలిచేవారో మనకు తెలుసు. పేరు సగం విరిచి, చివర "గాడు" తగిలించేవారు. ఆ పిలుపు ఊరు దాటేది కాదు. ఊరు విడిచిన మనిషి దాన్నీ విడిచి పోగలిగేవాడు. ఇప్పుడు బలవంతుడు పెట్టిన పేరు మనిషి వెంట ఎక్కడికైనా వస్తుంది. ఎవరు ఎవరికి పేరు పెడతారన్నది ఎప్పుడూ అధికారానికి సంబంధించిన విషయమే. యంత్రం ఆ అధికారాన్ని సృష్టించలేదు. దానికి కాళ్లు తొడిగింది.

6. రచయితలకు ఏమి సంబంధం?

తెలుగు రచయితలకు ఈ ప్రశ్న కొత్తది కాదు. 1965 మే నెలలో హైదరాబాదులో, ఒక అర్ధరాత్రి, నాంపల్లి పాండు అనే రిక్షా కార్మికుడు దిగంబర కవుల తొలి సంపుటిని ఆవిష్కరించాడు. ఆరుగురు కవులు కులాన్నీ వంశాన్నీ మోసే పాత పేర్లు విడిచి, నగ్నముని, నిఖిలేశ్వర్, చెరబండరాజు, జ్వాలాముఖి, భైరవయ్య, మహాస్వప్న అయ్యారు. వాళ్ల కవిత్వంతో మనకు ఎన్ని పేచీలైనా ఉండవచ్చు. కాని మనిషి తన పేరు తాను ఎంచుకోవడం కూడా ఒక ప్రకటన అని వాళ్లు నిరూపించారు. వాళ్ల పాత పేర్లు సాహిత్య చరిత్ర పుస్తకాల్లో దొరుకుతాయి. నేనిక్కడ రాయను. రాస్తే ఈ వ్యాసం తన వాదనకు తానే ద్రోహం చేసినట్టవుతుంది.

బీనాదేవి మరో ఉదాహరణ. భార్యాభర్తలిద్దరి రచనలకు ఒక్క పేరు. భర్త న్యాయశాఖలో ఉద్యోగి. కోర్టుల చుట్టూ, చట్టం చుట్టూ తిరిగే పేదల బతుకుల్ని ఆ పేరుతో రాశారు. దరఖాస్తులోని పేరే మనిషి పేరు అనే నియమం ఉంటే మన సాహిత్యంలో ఎన్ని పేజీలు ఖాళీగా మిగిలేవో లెక్కవేసుకోండి. కలం పేరు దొంగతనం కాదు. అది మనిషికీ అతని మాటకూ మధ్య అతనే గీసుకున్న గీత.

"దాచుకోవలసినదేమీ లేనివాడికి భయమెందుకు?" అని అడిగే మిత్రులున్నారు. ఇంటికి తలుపు ఉన్నంతమాత్రాన లోపల దొంగసొత్తు ఉందని అర్థమా? 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం, వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కేనని ఏకగ్రీవంగా చెప్పింది. గోప్యత అంటే నేరం దాచుకోవడం కాదు. ఎవరి ముందు, ఎప్పుడు, ఎంత మేరకు కనబడాలో నిర్ణయించుకునే స్వేచ్ఛ. కలిగినవాడికి ఆ స్వేచ్ఛ ప్రహరీగోడ రూపంలో, కాపలావాడి రూపంలో ఉంటుంది. లేనివాడికి చట్టమే ప్రహరీ.

7. ఏం కావాలి?

కాలర్ ఐడిని ఎత్తిపారేయాలని నేననడం లేదు. అది సాధ్యమూ కాదు, అవసరమూ కాదు. ఫోను ఎత్తేవాడికి ఉన్న హక్కు నిజమైన హక్కు. కాని ఒక తేడా పాటించాలి. వ్యాపారం చేసేవాడు, అధికారం చెలాయించేవాడు తానెవరో తప్పకుండా చూపాలి. బ్యాంకులకు, ప్రభుత్వ కార్యాలయాలకు 1600తో మొదలయ్యే ప్రత్యేక నంబర్లు కేటాయించడం సరైన దారిలో పడిన అడుగు. మామూలు మనిషికి మాత్రం తన పేరుమీద తనకు అదుపు ఉండాలి. కంపెనీకి ఇచ్చిన "కోరుకున్న పేరు" సదుపాయం అతనికీ ఇవ్వాలి. అసలు పేరు నెట్‌వర్కు దగ్గర ఉండనే ఉంటుంది కాబట్టి నేరపరిశోధనకు నష్టం లేదు. కావలసినప్పుడు ఒక్క ఫోనుకు పేరు దాచుకునే వీలు, అమెరికాలో 1995నుంచి నంబరుకు ఉన్న వీలు వంటిది, ఇక్కడా రావాలి. యాప్‌లు, తమను వాడని మనుషుల పేర్లను వాళ్లను అడగకుండా చూపగూడదు. ఇవేవీ విప్లవాత్మకమైన కోరికలు కావు. అడిగేవాళ్లు లేకనే రావడం లేదు.

చివరగా నా సంగతి ఒకటి చెప్పి ముగిస్తాను. ఈ వ్యాసం రాద్దామని కూర్చున్నప్పుడు నా ఫోను తెరిచి పేర్ల పుస్తకం చూశాను. "గ్యాసు అబ్బాయి". "పాలామె". "చాకలి". "ఎలక్ట్రీషియన్ కుంటి". 50 ఏళ్లు సమానత్వం గురించి ఉపన్యాసాలిచ్చిన చేతులే అవి టైపు చేశాయి. ప్రెస్సు యజమానిని ఏ మొహం పెట్టుకుని తప్పుపట్టను? ఒక్కొక్కరికే ఫోను చేసి పేరు అడగడం మొదలుపెట్టాను. పాలామె పన్నెండేళ్లుగా మా ఇంటికి పాలు పోస్తోంది. "ఎందుకు సారూ, ఏమన్నా కంప్లైంటా?" అని భయపడింది. ఏమీ లేదు, రాసుకుందామని, అన్నాను. కాసేపు ఆగి చెప్పింది. ఆమె పేరు సరోజిని.